మెడ ఒకచోట, కాలు ఒకచోట

ప్రియమైన పొట్టీ,

ఇన్నేళ్ల తర్వాత నా చేతిరాత చూసి ఉలిక్కిపడకు. చదువుకునే రోజుల్లో మనిద్దరం తవ్విన గోతిలోని మెడ ఎముకలను ఇన్నాళ్లకు శుభ్రం చేశాను. ఇలాంటి పొడవు మెడ డైనోసార్ గురించి ఇంతవరకూ ఎవరూ రాయలేదు. రిటైరయ్యేలోగా దీనికి పేరు పెట్టాలి. నా బతుక్కి నేను పెట్టే పేరు ఇదొక్కటే. పేరు సిద్ధంగా ఉంది, చెప్పను.

చివరి మెడపూస సగానికి విరిగి ఉంది. ఆ రోజు ఎముకల పెట్టెల కోసం పోట్లాడుకుని చెరో లారీ ఎక్కాం కదా, మిగతా సగం మీ మ్యూజియంలో ఉందేమో చూస్తావా? ఇక్కడ నేలమాళిగలో పలకరించే దిక్కు లేదు. ఎముకలతోనే మాట్లాడుతున్నాను. అవీ నీలాగే, జవాబివ్వవు.

నీ కొంగ

కొంగమ్మకు,

నువ్వు రాయలేదు, నేనూ రాయలేదు. చెల్లుకు చెల్లు.

నా పెట్టెల్లో వెనక కాలు వచ్చింది. దానికెప్పుడో పేరు పెట్టేశాను. పాత ప్రజాతిలోనే కొత్త జాతి అని, పాత ఇంటిపేరుకే కొత్త పేరు తగిలించి ప్రకటించాను. తోడు లేని కాలు కాబట్టి ‘ఏకాకి’ అన్నాను. పేరు పెట్టిన రోజు క్యాంటీన్‌లో ఒక్కదాన్నే కూర్చుని టీ తాగి ఇంటికెళ్లాను. కాలితో పాటు అదే రాతిముక్కలో, ఏ భాగానిదో తేలని సగం పూస కూడా ఒకటుంది. ప్లాస్టర్ అచ్చు తీసి పంపుతున్నాను. అతికితే నన్ను తిట్టుకోకు.

పొట్టి

పొట్టీ,

అతికింది. విరిగిన కప్పుకు పిడి అతికినట్టు, వెంట్రుక దూరే సందు లేదు. నా మెడా, నీ కాలూ ఒకే జంతువువి. ముందు పెట్టిన పేరే నిలుస్తుందని నీకు నేను చెప్పాలా? నా వ్యాసం సొరుగులో పడేశాను. కోపం లేదు, ఏడుపొచ్చింది, అంతే. మెడ ఫొటోలు పంపుతున్నాను, నీ కాలికి పైన ఏముండేదో చూసుకో.

కొంగ

ఒసేయ్ కొంగా,

నీ ఫొటోలు చూశాక నిద్ర పట్టలేదు. ఈ మెడ ఆ పాత ప్రజాతిది కానే కాదు. ఒక్క కాలు చూసి దాన్ని పరాయి ఇంట్లో చేర్చాను. ఇప్పుడు దానికి కొత్త ప్రజాతి కావాలి, అంటే ఇంటిపేరు. అది పెట్టాల్సింది మెడను చదివిన నువ్వు. సొరుగు తెరువు.

‘ఏకాకి’ని మాత్రం మార్చడానికి వీల్లేదు, నిబంధనలు ఒప్పుకోవు. తోడు దొరికినా దాని పేరు అదే. పాపం అనిపించింది. దాని మీదో, నా మీదో తెలియలేదు.

నీ పొట్టి

ప్రియమైన పొట్టీ,

సొరుగు తెరిచాను. ఇంటిపేరు మొదటినుంచీ అదే: పొట్టిసారస్. మెడే ఇరవై అడుగులున్న జీవికి అదేం పేరని అందరూ నవ్వుతారు, నవ్వనీ. నువ్వు ఉత్తరం రాయని ఏళ్లన్నీ దాన్ని అలాగే పిలిచాను. పక్కన నీ మాట రాసి చూశాను, పొట్టిసారస్ ఏకాకి. చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

వ్యాసం వేసే పత్రికవాళ్లకు ప్లాస్టర్ అచ్చు చాలదట, అసలు ఎముకలు రెండూ ఒకే బల్ల మీద ఉండాలట. నీ సగాన్ని పార్శిల్ చెయ్యకు. ఒళ్లో పెట్టుకుని నువ్వే తీసుకురా. స్టేషన్‌కొస్తాను. ఎంత జనంలోనైనా నా మెడ నీకు దూరం నుంచే కనిపిస్తుంది.

నీ కొంగ