ఆమె పట్టుకునే వేలు

చేతిలో పట్టుకుంటే దిగులు తగ్గే చెక్కబిళ్ళలు చేసి బతికిన వడ్రంగిని నేను. పూర్తి స్పృహతో, ఎవరి బలవంతమూ లేకుండా, నా ఇష్టపూర్వకంగా ఈ వీలునామా రాస్తున్నాను. బుద్ధి స్థిమితంగా ఉందని డాక్టరు కాగితం ఇచ్చాడు. గుండె గురించి మాత్రం అంత ధైర్యంగా ఏమీ చెప్పలేదు.

1. నా స్వార్జితమైన ఇల్లు, వెనక షెడ్డు నా తదనంతరం నా ఏకైక కుమార్తెకు సర్వహక్కులతో చెందాలి. వాళ్ళమ్మ బతికున్నంతకాలం ఇల్లు అమ్మకూడదు. ఆమె మంచం గోడ పక్కనుంచి జరపకూడదు.

2. చెక్కను బిగించే ఇనప వైసు మా బావమరిదికి. "ముసలాళ్ళకి గిలక్కాయలు చేస్తున్నావా బావా" అని పెళ్ళిలో పదిమంది ముందు నవ్వాడు. తరవాత మా అత్తగారు ఆస్పత్రిలో పడితే పొద్దున్నే వచ్చి నా గుమ్మంలో నిలబడ్డాడు. ఆవిడ చేత మైనం పిడికిట్లో నొక్కించి, ఆ అచ్చుకు సరిపడా బిళ్ళ చెక్కి ఇచ్చాను. చివరిదాకా వదల్లేదు ఆవిడ. ఆ నవ్వును నేనూ వదల్లేదు. వైసు బాగా బరువు, మోయడానికి మనిషిని అతనే పెట్టుకోవాలి.

3. అరలోని బిళ్ళలన్నీ మా అత్తగారిని చూసుకున్న ఆస్పత్రి నర్సమ్మకు. ఎవరి చేతికి ఏది నప్పితే అది ఇవ్వాలి. అవన్నీ నా భార్య కోసం చేసినవే. ఆమె నా పేరు మరిచిపోయింది, కూతురి ముఖం మరిచిపోయింది. నిద్రపట్టాలంటే మాత్రం నా బొటనవేలు పట్టుకోవాలి. నేను పోయాక ఏం పట్టుకుంటుందోనని నా వేలి అచ్చుతోనే చేశాను. గోరు కూడా చెక్కాను. వేడినీళ్ళ సంచి కింద పెట్టి వెచ్చబెట్టాను. అన్నీ విసిరేసింది. ఊళ్ళో అందరి చేతులకూ కుదిరేవి చేసినవాణ్ణి, ఇంట్లో చేతులెత్తేశాను.

4. నా తరవాత అమ్మాయి తన వేలు ఇచ్చి చూడాలి. ఇదివరకు ఒకసారి ఇస్తే, "ఎవరండీ ఈ అమ్మాయి, నా చెయ్యి లాగుతోంది" అంది వాళ్ళమ్మ. పిల్ల వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. అయినా ఇవ్వమనే అడుగుతున్నాను తల్లీ. ఇంతకన్నా ఏం చెయ్యాలో నాకు తెలియడం లేదు.

5. ఆఖరున చేసిన బిళ్ళ, కోడిగుడ్డంతది, ఎవరికీ చెందదు. దాన్నొక్కదాన్నే ఆమె విసరలేదు. కాసేపు తిప్పి చూసి, నా అరచేతిలో పెట్టి, నా వేళ్ళు ఒక్కొక్కటే మూసి, "పట్టుకోండి, భయం పోతుంది" అంది. అది నా చేతిలోంచి తియ్యకుండా నన్ను సాగనంపాలి.

నవంబరు ఆరవ తేదీ.
(సంతకం) బిళ్ళ ఎడమచేతిలోకి మార్చుకుని చేశాను. నాదే.

సాక్షులు:
పక్క కొట్టు తాళాల రిపేరు మనిషి
ఎదురింటి టైలరు