కోటుకు జేబు, జేబుకు ఫోను

మామయ్యకు నమస్కారాలు,

వచ్చే నెల పదో తేదీలోపు మా మేనేజరుకు ఒక మాట చెప్పాలి, అందుకే ఇప్పుడే రాస్తున్నాను. ఇళ్ళకు వెళ్ళి మంచాన పడ్డవాళ్ళ చేత వ్యాయామం చేయించే మా ఆఫీసు, ఫోనూ డైరీ ఒకటిగా ఉండే యంత్రం కొంటోంది. ఏ రకమో నన్నే తేల్చమన్నారు. తేల్చకపోతే ఆ యంత్రమూ, ఇళ్ళకు వెళ్ళి చూసుకోవడానికి నాకిస్తామన్న కొత్త పేటా సీనియరుకు వెళ్ళిపోతాయి.

చిన్న రకం మీద పుల్లలాంటి కలంతో రాయాలి. పెద్దదానికి మీటలున్నాయి, బొటనవేలితో నొక్కితే చాలు. నా రెండో చెయ్యి ఎప్పుడూ ఎవరో ఒకరి భుజం కింద ఉంటుంది కనుక నాకు పెద్దదే కావాలి. కానీ ఆఫీసువాళ్ళు ఆడవాళ్ళకిచ్చిన కోటుకు జేబు లేదు. పెట్టుకునే చోటు లేనప్పుడు పెద్దదెందుకని మేనేజరు అంటున్నారు. కోటు పంపుతున్నాను, జేబు కుట్టి పెట్టండి. ఫోను బొమ్మ ఉన్న కాగితమూ పెట్టాను.

మీ మేనకోడలు

తా.క.: మీకు ఉత్తరం చదివి, జవాబు రాసిపెట్టే మందుల షాపాయన్ను తన సలహాలు కలపొద్దనండి.

*

చిరంజీవి అమ్మడికి మామయ్య ఆశీస్సులు,

కోటు అందింది. జేబులు లేకుండా మీ ఆఫీసువాళ్ళు చేతులెక్కడ పెట్టుకుంటారే? ఫోను బొమ్మను గుడ్డ మీద పరిచి, చుట్టూ సుద్దతో గీసి, కుట్టుకు వేలెడు వదిలి కత్తిరించాను. మీ అత్తయ్య చూసి "ఇది ఫోనా, ఇస్త్రీపెట్టా?" అంది. చదువుకున్నవాళ్ళ ఫోన్లు అంతే ఉంటాయన్నాను. బరువాగడానికి లోపల గట్టి నాడా పట్టీ వేశాను. భుజం జాగ్రత్త తల్లీ.

మామయ్య

తా.క.: మందుల షాపు నుంచి. సలహాలేవీ కలపలేదు. భుజం నొప్పికి తైలం మాత్రం ఉంది.

*

మామయ్యా,

కాగితం మీద బొమ్మ పెద్దదిగా అచ్చేశారు. అసలు ఫోను అరచేతి అంతే. మీ జేబులో వేస్తే మోచేతిదాకా చెయ్యి పెట్టి వెతకాలి. మేనేజరు చూసి, కంగారూకి ఉద్యోగమిచ్చామా అన్నారు. సీనియరు నవ్వాడు. కోటు తిరిగి పంపుతున్నాను. అరచేతి కొలతకు కుట్టండి, గడువు దగ్గరపడింది.

మీ మేనకోడలు

*

అమ్మడూ,

ఎవరి అరచెయ్యో రాయలేదు. నా చెయ్యి పెట్టి గీశాను. అత్తయ్య ఒప్పుకోక తన చెయ్యి పెట్టి గీసింది. గొడవెందుకని రెండూ కుట్టాను. పెద్దజేబు విప్పబోతే కోటు చిరిగేలా ఉంది, అందుకని వీటిని దానిమీదే వేశాను. నా వల్ల నీ పేట పోయిందంటే నేనే వచ్చి మీ మేనేజరుతో మాట్లాడతాను.

మామయ్య

తా.క.: మందుల షాపు నుంచి. మీ మామయ్య ప్రయాణానికి సంచి సర్దుతున్నారు. త్వరగా జవాబు రాయండి.

*

మామయ్యా, మీరు రావద్దు.

ఫోన్ల షాపువాళ్ళు చూడ్డానికిచ్చిన పెద్దఫోను మీ అరచేతి జేబులో చక్కగా కూర్చుంది. అత్తయ్య జేబులో తాళాలు. కంగారూ జేబులో తువ్వాలు, పట్టీలు, నీళ్ళసీసా, భోజనం డబ్బా. రెండు చేతులూ ఊపుకుంటూ మేనేజరు గదిలోకి వెళ్ళాను. ఆయన నా చుట్టూ ఒకసారి తిరిగి, "సరే, పెద్దదే కొందాం" అన్నారు. కొత్త పేట నాదే, మామయ్యా.

బయటికొచ్చేసరికి మా ఆఫీసు ఆడవాళ్ళు నా బల్ల మీద కోట్లు గుట్ట పోశారు. మీరిప్పుడు అందరికీ మామయ్యే. అడుగున సీనియరు కోటూ ఉంది, అతనికున్న జేబులు చాలవట.

మీ మేనకోడలు

తా.క.: మేనేజరు కోటు కూడా వస్తోంది. కంగారూ మాట ఎత్తకండి. అన్నీ కుట్టగలరో లేదో ఇరవయ్యో తేదీలోపు చెప్పాలి. నా చేతికి కొత్త ఫోను వచ్చినా సరే, జవాబు ఉత్తరంలోనే రాయించండి. ఫోనులో మందుల షాపాయన తా.క. ఉండదు.