ఫింటన్ భోజనం ఎవరింట్లో

ఫిబ్రవరి 3, మంగళవారం

పేపర్లో మళ్ళీ మా నాయకుడు ఫింటన్ ఫొటో. మా దీవి రేవు గోడ కాంట్రాక్టు బావమరిదికే ఇప్పించుకున్నాడట. అందులో సిమెంటు కంటే ఇసుకే ఎక్కువట. అట ఏమిటి, జనవరి గాలివానకు సగం గోడ సముద్రంలో పడిపోవడం నా కిటికీలోంచి చూశాను.

అయినా ఓటు ఫింటన్‌కే. మా నాన్న ఫింటన్ వాళ్ళ నాన్నకు వేసేవాడు. దీవిలో మొత్తం నలభై మూడు ఓట్లు. పోయినసారి నలభై మూడూ ఫింటన్‌కే పడ్డాయి. దొంగో దొరో, మావాడు. అవతలి పార్టీ వాళ్ళు మా చావులకైనా వచ్చారా?

ఆదివారం ప్రచారానికి వస్తాడు. ఇరవై రెండేళ్లుగా భోజనం మా ఇంట్లోనే. అమ్మమ్మ నీలం ప్లేట్లు దించాలి.

ఫిబ్రవరి 7, శనివారం

యాపిల్ ముక్కలు కూరిన టార్టులు రెండు కాల్చాను. కోలమన్ చూసి, నా పుట్టినరోజుకి ఒక్కటి కూడా చెయ్యలేదేం నోరీన్ అన్నాడు. మొగుడి పుట్టినరోజు ఏటా వస్తుంది, ఎలక్షన్ రాదు కదా అన్నాను. నవ్వలేదు. ఫింటన్ వచ్చినప్పుడల్లా పొయ్యి పక్క కుర్చీ ఇచ్చేసి తను స్టూలు మీద కూర్చోవాలి. ఆ ఉడుకు. అరవై దాటాయి, ఇంకా అసూయేమిటో మనిషికి!

ఫిబ్రవరి 8, ఆదివారం, మధ్యాహ్నం 2

రాలేదు. దుంపలు చల్లారిపోతున్నాయి.

సాయంత్రం 4

వచ్చాడు. దీవికి వచ్చాడు, మా ఇంటికి రాలేదు. అట్రాక్టా ఇంట్లో తిన్నాడు! పోస్టాఫీసు అట్రాక్టా! పోయిన ఎలక్షన్‌కి ఒక్క కరపత్రం పంచని మనిషి. లాంచీ దిగగానే గొడుగు పట్టి తీసుకుపోయిందట.

వెళ్ళేటప్పుడు నా గేటు దగ్గర ఆగాడు. వాళ్ళు పార్టీ పనికి కొత్త, పిలిస్తే కాదనలేకపోయాను, నువ్వంటే మా ఇంటి మనిషివి కదా తల్లీ అన్నాడు. లోపలికి కూడా రాలేదు.

గోడ కూలినప్పుడు కూడా నాకింత మండలేదు. రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ నిజం.

కోలమన్ తన కుర్చీలోనే కూర్చుని నీలం ప్లేటులో టార్టు తిన్నాడు. బాగుందన్నాడు.

ఫిబ్రవరి 12, గురువారం

అట్రాక్టా పోస్టాఫీసుకొచ్చిన అందరికీ చెబుతోంది. ఫింటన్ రెండోసారి వడ్డించుకున్నాడట. మీ చేతి దుంపలు వెన్నలా ఉన్నాయండీ అన్నాడట. ఆ మాట ఇరవై రెండేళ్లుగా నాది!

ఫిబ్రవరి 20, శుక్రవారం, ఉదయం 11

బళ్ళో పోలింగ్. ఫింటన్ పేరు దగ్గర పెన్సిల్ ఆగింది. కిందికి దిగింది. అవతలి పార్టీ తరఫున నిలబడ్డ అమ్మాయి పేరు పక్కన, మొదటి ఓటు గుర్తుగా, ఒకటి అంకె వేశాను.

బయటికొచ్చాక గుర్తొచ్చింది. రేపు లెక్కింపు హాల్లో మా దీవి పెట్టె విప్పినప్పుడు, పార్టీ తరఫున కమ్మీ మీంచి వంగి, ఎవరికెన్ని పడ్డాయో గీతలు గీసుకునేది నేనే. ప్రతిసారీ నేనే. నలభై రెండు అని నా నోటితోనే చెప్పాలి. ఆ ఒక్కరు ఎవరో తేలేదాకా దీవి ఊరుకోదు.

ఫిబ్రవరి 21, శనివారం

కాగితాలు ఒక్కొక్కటీ తిరగేశారు. అవతలి అమ్మాయికి ఒక గీత గీశాను. అది నాది. ఇంకో నాలుగు కాగితాల తర్వాత మరోటి వచ్చింది. మళ్ళీ చూశాను. నిజమే.

నలభై ఒకటి అని చెప్పాను. అందరూ అట్రాక్టా వైపు తిరిగారు. కొత్తగా చేరినవాళ్ళు, ఆవిడా వాళ్ళాయనా, ఇద్దరు, సరిపోయింది కదా అన్నారు. మా అమ్మ మీద ఒట్టు, నేను కాదు అని ఏడ్చింది పాపం. నేను గీతల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఫింటన్ గెలిచాడు. నా భుజం మీద చెయ్యి వేసి, నీ ఇంటిని ఏనాడూ అనుమానించలేదు తల్లీ, రేపు కాదు, పై ఆదివారం భోజనం అక్కడే అన్నాడు. ఎంత సంతోషం వేసిందో! దానికీ సిగ్గుపడాలి.

ఫిబ్రవరి 22, ఆదివారం

మన దీవిలో రెండు ఓట్లు తగ్గాయని కోలమన్‌కి చెప్పాను.

రెండా, ఒకటే కదా తగ్గాల్సింది అన్నాడు.

లేచి కోలమన్‌కి టార్టు చేశాను. ఒక్కటే.