ఎడంకాలి గోల్

బావా,

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నువ్వు నవ్వుతావని తెలుసు. ఫోన్లో నువ్వు నన్ను రెండో మాట మాట్లాడనివ్వవు. కాగితమైతే చచ్చినట్టు చివరిదాకా చదువుతావు.

సంగతేమిటంటే, మన లైబ్రరీ వాళ్ళు నా ఫోటోలతో ప్రదర్శన పెడుతున్నారు. ముప్పై ఆరేళ్ళుగా ఈ ఊళ్ళో నేను తీసినవాటిలోంచి వంద. వచ్చే నెల మొదటి ఆదివారం. మేడ మీద చదువుకునే హాల్లో బల్లలన్నీ ఓ పక్కకి జరిపి, గోడ పొడుగునా మేకులు కొడుతున్నారు. "బతికుండగానే పెడుతున్నారు, అదృష్టవంతులు" అంది మీ చెల్లెలు. ఆవిడ మెచ్చుకోలు ఎలా ఉంటుందో నీకు నేను చెప్పాలా?

వంద ఏరడం అంటే మాటలు కాదు. ఇల్లంతా ఫోటోలే. మంచం మీద బ్యాండు వాళ్ళు, భోజనాల బల్ల మీద ఫుట్‌బాల్, కిటికీ గట్టు మీద గడియారం స్తంభం, ఇనప వంతెన, పాత రైల్వేస్టేషను. రోజూ మధ్యాహ్నం ఓ కునుకు తీసే అలవాటు కదా మీ చెల్లెలికి, "ఆ బ్యాండు వాళ్ళని కాస్త లేపండి, నడుం వాలుస్తాను" అంటోంది.

పార్కులో శనివారం సాయంత్రాల బ్యాండు గుర్తుందా? పెద్ద బాకా ఊదే పోస్టుమాస్టరు గారు? ఆయన ఊదుతూ ఊదుతూ నిద్రపోయిన రోజు నేను వరసగా నాలుగు తీశాను. మూడింట్లో బుగ్గలు బూరెల్లా ఉన్నాయి. నాలుగోదాంట్లో బుగ్గలు దిగిపోయాయి, కళ్ళు మూతపడ్డాయి, మూతి మాత్రం బాకా వదల్లేదు. బ్యాండు మాస్టారు ఇంకా చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. ఆ నాలుగూ పక్కపక్కన పెట్టాను. పోస్టుమాస్టరు గారి భార్య వచ్చి చూసి, "ఇంట్లో కూడా ఇంతే నాయనా, మాట మధ్యలో పోతారు" అని పొట్ట పట్టుకుని నవ్వింది.

మీ నాన్నగారు వరండాలో పేపరు ముఖం మీద కప్పుకుని పడుకున్నది పెట్టాను. ఊపిరికి పేపరు మధ్యలో కాస్త లేచి ఉంటుంది, అది. మీ చెల్లెలు పెరట్లో పిల్లలిద్దరి తలలూ తువ్వాలుతో రుద్దుతున్నది కూడా పెట్టాను. వాళ్ళిద్దరూ గుక్కపట్టి ఏడుస్తుంటారు, ఆవిడ పకపకా నవ్వుతూ ఉంటుంది. "అది పెడితే ఊళ్ళో నన్ను రాక్షసి అనుకుంటారు" అంది. అనుకోవడానికి కొత్తగా ఏముంది అన్నాను. రెండు రోజులు కాఫీ నేనే పెట్టుకున్నాను.

ఇన్నాళ్ళూ ఎవరో ఒకరి పెళ్ళి, ఎవరో ఒకరి ఆట అంటూ పరిగెత్తాను గానీ, అన్నీ ఒక్కచోట పరిచి చూసుకుంటే సంతోషంగానే ఉంది బావా. పెద్ద ఊళ్ళకి పోయి పెద్ద పేరు తెచ్చుకోలేదని నాకేమీ బాధ లేదు.

నీ గోల్ ఫోటో గుమ్మానికి ఎదురుగా పెట్టమన్నారు. అది కాక, మున్సిపాలిటీ వాళ్ళు మైదానం ప్రహరీగోడ మీద ఆ ఫోటోనే చూసి రంగుల్లో పెద్ద బొమ్మ వేయిస్తున్నారు. నువ్వు ఇరవై అడుగుల ఎత్తు ఉంటావట. దాని గురించి నీకో మాట చెప్పాలనే అసలు ఈ ఉత్తరం మొదలుపెట్టాను. కాగితం ఇంకా ఉంది. ధైర్యమే అయిపోయింది. మళ్ళీ రాస్తాను.

నీ బావ,
కెమెరావాడు

*

బావా,

నాలుగు రోజులకే రెండో ఉత్తరం చూసి కంగారుపడకు. ఇంట్లో అందరూ బాగానే ఉన్నారు. బాగాలేనిది నేనొక్కణ్ణే.

గోడ మీద బొమ్మ వేసేది మన టైలరు గారి కూతురు. నిన్న వచ్చి, నీ ఫోటో మీద గళ్ళు గీసుకుంటూ కూర్చుంది. కాసేపటికి తలెత్తి, "మామయ్యా, ఈ మ్యాచ్ చీకటి పడ్డాక ఆడారా?" అంది.

"చలికాలంలో చీకట్లో ఎవరాడతారమ్మా? సాయంత్రం ఆడారు."

"మరి వెనకాల గడియారం ఆరూ నలభై చూపిస్తోంది. ఎండేమో ఇంకా ఉంది."

"మన గడియారం ఎప్పుడు సరిగ్గా తిరిగింది గనక?" అన్నాను. అమ్మాయి నవ్వేసి మళ్ళీ గళ్ళు గీసుకుంది. నేను చెప్పింది అబద్ధం. మన గడియారానికి అంకెలు లేవు, గీతలే కదా. అందుకే ముప్పై నాలుగేళ్ళలో ఎవరూ పట్టుకోలేదు. అప్పుడు టైము అయిదూ ఇరవై బావా. అద్దంలో చూస్తే అది ఆరూ నలభైలా కనిపిస్తుంది. ఆ ఫోటో తిరగబడింది. నువ్వు ఆ గోల్ కొట్టింది కుడికాలితో.

నెగెటివ్‌కి ఒక వైపు మెరుపు ఉంటుంది, రెండో వైపు మసక. ప్రింటు వేసేటప్పుడు మసక వైపు కిందికి ఉండాలి. ఈ పనిలో చేరిన మొదటి రోజు నేర్పేది అదే. ఆ సాయంత్రం పేపరు ఎడిటరు గారు ఏడింటి బస్సుకి ఫోటో అందాలని చీకటిగది తలుపు బాదుతున్నారు. అంతకు ముందు వారమే నా చీటీలు తారుమారై, బహుమతి గెలిచిన ఎద్దు ఫోటో కింద చైర్మన్ గారి పేరు అచ్చయింది. ఇంకొక్క పొరపాటు జరిగితే కెమెరా అక్కడ పెట్టి ఇంటికి పొమ్మన్నారు. ఆ కంగారులో నెగెటివ్ తిరగేసి పెట్టాను.

రెండు రోజుల తర్వాత చూసుకున్నాను. మిగిలిపోయిన ప్రింటులో, ఓ మూల సైకిల్ షాపు బోర్డు మీద అక్షరాలు వెనక నుంచి ముందుకి ఉన్నాయి. పేపర్లో ఆ మూల కత్తిరించారు కాబట్టి ఎవరికీ కనపడలేదు. నెగెటివ్ తీసి చూస్తే కుడికాలు. అప్పటికే ఊరు ఊరంతా పేపరు పట్టుకుని తిరుగుతోంది. నీకు 'ఎడంకాలు' అని పేరు పెట్టేశారు. పిల్లలందరూ ఎడంకాలితో తన్ని బోర్లాపడుతున్నారు. విచిత్రం చూడు, గట్టు మీద నిలబడి కళ్ళారా చూసినవాళ్ళు కూడా "ఎడంకాలితో ఏం కొట్టాడ్రా!" అంటున్నారు. ఫోటో చూశాక, చూసింది మర్చిపోయారు.

అప్పుడే నోరు విప్పాల్సింది. విప్పలేదు. ఆ తర్వాత అడిగినవాళ్ళందరికీ నెగెటివ్ తిరగేసే ప్రింట్లు వేశాను, సైకిల్ షాపు బోర్డు జాగ్రత్తగా కత్తిరించి మరీ. మొదటిది పొరపాటు. మిగతావన్నీ తెలిసి చేసినవి. ఆ ఫోటోకి బహుమతి వచ్చింది, దాంతో స్టూడియో పెట్టుకున్నాను. ఆ ఒక్క ఫోటో ఇవ్వడానికి మీ ఇంటికి నాలుగు సార్లు వచ్చాను, ఎందుకో నీకు తెలుసు, మీ చెల్లెలికి ఇంకా బాగా తెలుసు. నాకు దక్కినవన్నీ ఆ ఫోటోతోనే దక్కాయి.

నీకు దక్కాల్సింది దానివల్లే పోయింది. మూడు నెలల తర్వాత పెద్ద జట్టు వాళ్ళ నుంచి నీకు పిలుపు వచ్చింది కదా. ఆ ఉత్తరం నువ్వు నాకు చూపించావు. 'ఎడమ వైపు ఆడేవాడు కావాలి, మీ ఫోటో చూశాం' అని ఉంది. నేను చదివి, "వెళ్ళిరా బావా" అన్నాను. ఇంకేమీ అనలేదు. వారానికే తిరిగొచ్చేశావు. మోకాలు నొప్పి అన్నావు. నువ్వు కుంటలేదు, నేను చూశాను. కుడికాలివాణ్ణి ఎడమ వైపు నిలబెడితే ఏమవుతుందో నాకు తెలియదా? నువ్వు బస్సుల వర్క్‌షాపులో చేరి నూనె చేతులతో ఇంటికొచ్చినప్పుడల్లా నాకదే గుర్తొచ్చేది.

మీ చెల్లెలికి నిన్ననే చెప్పాను. అంతా విని, చేతిలో తువ్వాలు మడతపెట్టింది. తర్వాత, "మా అన్నయ్యకి తను ఏ కాలితో తన్నాడో తెలీదంటారా?" అంది. ఆ తోపులాటలో నీకే గుర్తులేదేమోనని ఇన్నాళ్ళూ సర్దిచెప్పుకున్నాను. సర్దుకోవడానికి ఏదో ఒకటి కావాలి కదా.

సోమవారం నుంచి గోడ మీద బొమ్మ మొదలుపెడతారు. అది ఒకసారి వేస్తే ఇక ఊరు ఉన్నన్నాళ్ళూ ఉంటుంది. నువ్వు ఎలా చెప్తే అలా చేస్తాను. అందరి ముందూ ఒప్పుకోమంటే ఒప్పుకుంటాను. ఇక నా గుమ్మం తొక్కనంటే, అదీ న్యాయమే.

నీ బావ

*

ఓరి బావా,

నీ రెండు ఉత్తరాలూ అందాయి. మొదటిది వర్క్‌షాపులో అందరికీ చదివి వినిపించాను, పోస్టుమాస్టరు ముక్క వచ్చేసరికి ఇద్దరు రెంచీలు కింద పడేసి నవ్వారు. రెండోది బస్సు కింద దూరి ఒక్కణ్ణే చదివాను. నాకు రాయడం రాదు, తప్పులుంటే నా చెల్లెలి చేత దిద్దించుకో.

నా కాలు నాకు తెలీదనుకున్నావా? పొద్దున్నే పేపరు చూడగానే తెలిసింది. పేపర్లో మా అమ్మ ముద్దు పెట్టుకుంటున్న కాలు నాది కాదని నాకు తెలీదూ? నీ దగ్గరికి అడుగుదామనే వచ్చాను. నువ్వు ఆ పేపరు గుండెల మీద పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నావు. వచ్చేపోయేవాళ్ళందరికీ చూపిస్తున్నావు. ఎద్దు గొడవ ఊరందరికీ తెలుసు. నేను నోరు విప్పితే నీ పని పోతుంది. ఏ కాలైతేనేం, బంతి లోపలికి వెళ్ళింది కదా అనుకుని, కాఫీ తాగి వచ్చేశాను. నీకు తెలిసే చేస్తున్నావని తర్వాత అర్థమైంది, సైకిల్ షాపువాడు తన బోర్డు ఎందుకు కోసేశావని నా దగ్గర మొత్తుకున్నప్పుడు. కోపం వచ్చింది, రాలేదని అనను. ఓ వారం నీతో సరిగ్గా మాట్లాడలేదు. నువ్వు గమనించలేదు, మా ఇంటి చుట్టూ తిరిగే హడావుడిలో ఉన్నావు.

ఇక ఆ జట్టు సంగతి. ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకి, అదే మీ అక్కకి కూడా. వెళ్ళిన రోజే వాళ్ళతో చెప్పేశాను, ఫోటో తిరగబడింది, నాది కుడికాలు అని. ఆ కోచ్ నవ్వాడు. మంచివాడు. కుడి వైపు ఆడించాడు, మధ్యలో ఆడించాడు, నాలుగు రోజులు చూశాడు. అక్కడ నాకంటే బాగా ఆడేవాళ్ళు ఏడుగురున్నారు బావా. లెక్కపెట్టుకున్నాను. అయిదో రోజు భుజం మీద చెయ్యేసి, "మీ ఊరికి నువ్వు చాలా మంచి ఆటగాడివి" అన్నాడు. అంతే. నీ ఫోటో నన్ను అక్కడిదాకా తీసుకెళ్ళింది. వెనక్కి పంపింది నా ఆటే. ఊళ్ళో అంత గొప్పగా చెప్పుకుంటుంటే ఆ ముక్క ఎలా చెప్పను? నెపం మోకాలి మీద పెట్టాను. అది నేను తిరగేసిన ఫోటో. నువ్వు ఇన్నేళ్ళు ఆ బరువు మోస్తున్నావని తెలిస్తే ఎప్పుడో చెప్పేవాణ్ణి. నిజంగా తెలీదు. నన్ను క్షమించమని నేనే నిన్ను అడగాలి.

వర్క్‌షాపు చూసి జాలిపడకు. నాకు ఇంజన్ల దగ్గర ఉన్నంత హాయి ఎక్కడా లేదు. సాయంత్రం పిల్లలకి ఆట నేర్పుతాను, వాళ్ళు నన్ను 'సారు' అంటారు, కాలు పేరు పెట్టి పిలవరు.

గోడ మీద కుడికాలే వెయ్యమను. ఆ అమ్మాయికి గడియారం కూడా సరిచెయ్యమని చెప్పు. లైబ్రరీలోనూ సరైనదే పెట్టు, సైకిల్ షాపు బోర్డుతో సహా. ఊళ్ళోవాళ్ళు ఒప్పుకోరు, కళ్ళారా చూశామంటారు, తిరగేసి పెట్టావని నీతోనే దెబ్బలాడతారు. ఆదివారం నేనూ వస్తున్నాను, ఇద్దరం కలిసి తిట్లు తిందాం. మా చెల్లెలికి చెప్పు, ఆ తలలు రుద్దే ఫోటో చాలా బాగుంటుంది, గోడ మీంచి తీయించొద్దని.

ఇంకొక్కటి ఉంది. ఆ పేపరు వచ్చిన మర్నాటి నుంచి పొద్దున్నే ఒక్కణ్ణే మైదానానికి వెళ్ళి ఎడంకాలితో తన్నడం నేర్చుకున్నాను. జట్టు కోసం కాదు, పిలుపు తర్వాతెప్పుడో వచ్చింది. ఊరంతా నీ ఫోటో నమ్మింది కదా, నువ్వు అబద్ధాలకోరువి కాకూడదని. మొదట్లో గోడ అవతల పడేది బంతి. జట్టు నుంచి తిరిగొచ్చాక కూడా మానలేదు. ఏడాదికి కుదిరింది. మరుసటి ఏడు ఫైనల్లో గెలుపు గోల్ నిజంగా ఎడంకాలితోనే కొట్టాను బావా, చక్కగా, పై మూలకి. కొట్టగానే నీ వైపే చూశాను. నువ్వు గట్టు మీద కూర్చుని, తల వంచుకుని, కెమెరాలో రీలు మార్చుకుంటున్నావు. కేకలకి లేచి పరిగెత్తుకొచ్చి, "ఎవరు కొట్టారు, ఎవరు కొట్టారు?" అని అడిగావు. "నేనే" అన్నాను. ఏ కాలితో అని నువ్వు అడగలేదు.

నీ బావ