పొరపాటున కడిగిన ఇల్లు

అన్నయ్యా,

నువ్వు నలుగురి కాళ్లావేళ్లా పడి చూసిపెట్టిన ఆఫీసు ఉద్యోగంలో చేరలేను. కోప్పడకుండా కారణం చదువు.

నాలుగో అంతస్తు ఆవిడ ఇల్లు కడిగిపెట్టమని, తాళంచెవి గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునే పట్టా కింద పెట్టి వెళ్తానంది. ఇవాళ పొద్దున నేనూ, నాతో పనిచేసే మామ్మా మెట్లెక్కి, పట్టా ఎత్తి, తాళం తీశాం. పొయ్యి జిడ్డు, కిటికీల దుమ్ము వదిలించేసరికి నడుములు పడిపోయాయి. ఇంతలో ఒక పెద్దాయన కూరల సంచీతో గుమ్మంలోకి వచ్చి, లోపలికి చూసి, "క్షమించండమ్మా, వేరే ఇంటికి వచ్చినట్టున్నాను" అని దిగి వెళ్లిపోయాడు.

అది మూడో అంతస్తు, అన్నయ్యా. ఇల్లు ఆయనదే. ఆయనా తాళంచెవి పట్టా కిందే పెడతాడట.

మామ్మ పరుగెత్తి ఆయన్ని వెనక్కి తీసుకొచ్చింది. నేను తిట్లకు సిద్ధపడ్డాను. ఆయన వంటింటి గోడను చేత్తో తడిమి, "మా ఆవిడ పోయాక ఇది తెల్లగోడని మర్చేపోయాను. మళ్లీ ఎప్పుడు పొరపాటు చేస్తారమ్మా?" అన్నాడు.

గురువారమని చెప్పాను. ఆఫీసులో తప్పు చేస్తే ఇలా ఎవరడుగుతారు, నువ్వే చెప్పు.

ఇక ఆపుతాను. నాలుగో అంతస్తు ఆవిడ ఫోన్ చేస్తోంది. మేం చేసిన పని ఎంత వెతికినా కనబడటం లేదట.

నీ చెల్లెలు