చలికాలపు డబ్బా

ఏప్రిల్ 27

షట్టరు తాళం మళ్ళీ పట్టేసింది. పది నిమిషాలు దాంతో కుస్తీ. మొఘల్‌పురా గల్లీలో పాలకు పోయే ప్రతివాడూ ఆగి సలహా ఇచ్చాడు. నూనె పొయ్యమని ఒకడు, కొత్తది కొనమని ఇంకొకడు. లోపలికి పోయి, ఉస్తాద్ వచ్చాక ఆయనతో ఒక్క మాటా మాట్లాడకుండా ఆకురాయి పట్టుకుని కూర్చున్నాను. ఆయన కూడా పలకరించలేదు.

ఇరవై రెండేళ్ళుగా ఆయన పక్కన పాత తుపాకులు బాగుచేస్తున్నాను. బోర్డు మీద ఆయన పేరు. లైసెన్సులో ఆయన పేరు. నా పేరు చాయ్ కొట్టువాడికి తెలుసు... అంతే.

ఏప్రిల్ 30

సినిమా మేనేజరు వచ్చాడు. నిజాం కాలం కథ అట. వెనక చిన్న రాగి టోపీలు తొడిగి పేల్చే పాతకాలపు రివాల్వరు కావాలి. గుండు వద్దు, పొగ మాత్రం బాగా రావాలి.

"పొగ కంప్యూటర్లో వేసుకోవచ్చండీ. మా డైరెక్టర్ గారు వినరు, నిజం పొగే కావాలంటారు."

ఉస్తాద్ మహమూద్ భాయ్ మొహం ఎన్నాళ్ళకో వెలిగింది. డెబ్బై ఒకటి నిండాయి. ఎడమ చేత్తో కుడి చేతిని పట్టుకుంటే గానీ చాయ్ కప్పు నిలవదు.

"ఒక్క షరతు సాబ్. ఎవ్వరి చేతికిచ్చినా మొదలు ఆరు దెబ్బలు నేనే పేలుస్త. మా అబ్బా కాలం సంది గదే రివాజు."

మేనేజరు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ రివాజు ఎందుకో నాకు తెలుసు. ఏదైనా తేడా వస్తే అది మన చేతిలోనే రావాలి, పరాయివాడి చేతిలో కాదు.

మే 3

మా ఆవిడ సుజాత అడిగింది, "ఇంకెన్ని దినాలు మూతి ముడుసుకుంటవయ్యా? పెద్దమనిషి. అడిగినవు, సూద్దాం అన్నడు. లేదనలే గదా."

సూద్దాం! ఫిబ్రవరిలో అడిగాను, లైసెన్సులో రెండో పేరు నాది పెట్టించమని. చూద్దాం బేటా అన్నాడు. ఆయనకు చెయ్యి వణుకు మొదలయ్యాక నాలుగేళ్ళుగా సగం పని నాదే. చూద్దామట. ఏం చూస్తాడో, ఎప్పుడు చూస్తాడో.

మే 6

ఎండ. కొట్లో ఇనుము ముట్టుకుంటే కాలుతోంది.

రివాల్వరు విప్పి శుభ్రం చేశాను. నింపడం నా పని, పేల్చడం ఆయన పని. నింపేటప్పుడు చక్రంలోని ఆరు ఖానాల్లోనూ నల్ల తుపాకిమందు, దాని మీద ఉన్నితో చేసిన నమదా బిళ్ళ, ఆ పైన మైనపు గ్రీజు పూత, వెనకాల నిప్పు పుట్టించే ఒక్కో రాగి టోపీ. చూసేవాళ్ళకు గ్రీజు ఏదో సోకులా కనిపిస్తుంది. అది సరిగ్గా లేకపోతే ఒక ఖానాలో నిప్పు పక్క ఖానాలోకి దూకుతుంది. అన్నీ ఒకేసారి పేలతాయి. నేను చేరిన మొదటి రోజే ఉస్తాద్ చెప్పిన పాఠం ఇది.

మే 9

ఉస్తాద్ చెయ్యి...

రాయలేను.

మే 10

ఎడమ చెయ్యి. చూపుడు వేలు, నడిమి వేలు సగానికి తీసేశారు. అరచెయ్యి కాలింది.

చాంద్రాయణగుట్ట దాటాక రాళ్ళ క్వారీలో షూటింగు. మధ్యాహ్నం పన్నెండు గంటల ఎండ. పెట్టె తెరిచి నేను నింపాను. నింపింది గంటసేపు అలాగే బండ మీద ఉంది. హీరో వ్యాన్లోంచి దిగడే. చివరికి దిగాక, ఉస్తాద్ బిస్మిల్లా అని ముందుకు వచ్చాడు. కుడి చెయ్యి వణుకుతోందని ఎడమ చెయ్యి గొట్టం కింద పెట్టుకున్నాడు. ఒక్క సారి నొక్కాడు. ఆరూ కలిసి పేలాయి.

పొగ పోయాక చూస్తే ఆయన నిలబడే ఉన్నాడు. "హీరో సాబ్‌కేం గాలే గదా?" అన్నాడు. అదీ మొదటి మాట.

మే 12

ఆసుపత్రి వరండా. మేనేజరు ఫోన్లో ఎవరికో చెబుతున్నాడు. "ముసలాయనండీ. చెయ్యి వణుకుతుంది. పేల్చనివ్వడమే మన తప్పు."

నా పక్కనే నిలబడి చెప్పాడు. నేను విన్నాను. నోరు మూసుకుని విన్నాను.

మే 13

గల్లీలో అందరిదీ అదే మాట. "గీ వయసుల ఏంది భాయ్ గా షౌక్?" చాయ్ కొట్టువాడు కూడా అన్నాడు. తల ఊపాను. నా తలను నేనే కొట్టుకోవాలనిపించింది.

మే 16

ఎవరికీ చెప్పనిది. ఇక్కడైనా రాయాలి.

మా దగ్గర గ్రీజు డబ్బాలు రెండు. చలికాలానిది: నూనె ఎక్కువ, మైనం తక్కువ. ఎండాకాలానిది గట్టిగా ఉంటుంది. రెండూ ఒకే రకం రేకు డబ్బాలు. కలిసిపోకూడదని ఉస్తాద్ పెట్టుకున్న పద్ధతి ఒకటుంది. హోలీ నాడు చలికాలపు డబ్బా ఖాళీ చెయ్యాలి. మిగిలిన గ్రీజంతా షట్టరు తాళాలకు, బందులకు పూసెయ్యాలి. ఆ రోజు నుంచి దీపావళి దాకా కొట్లో గ్రీజుండేది ఒక్క డబ్బాలోనే. ఆ పని నాది. ఇరవై ఒక్క హోలీలు చేశాను.

ఈ హోలీకి పోలేదు. లైసెన్సు సంగతి మీద అలిగి కిషన్‌బాగ్‌లో మా ఇంట్లో పడుకున్నాను. మర్నాడు పోయినా డబ్బా ముట్టుకోలేదు. నా పేరు అక్కర్లేనివాళ్ళకు నా పనెందుకు అనుకున్నాను. ఆ పౌరుషం ఇప్పుడేమైందిరా యాదగిరీ!

పొరపాటున క్వారీకి తీసుకుపోయింది ఆ డబ్బానే.

ఇంకా ఉంది. మూత తీసి వేలు పెట్టగానే తెలిసింది. మెత్తగా, జారుగా ఉంది. ఎండకు కరిగిందేమో అని ఒక మనసు, ఇది ఎండాకాలపుది కాదని వేలు. వెనక మేనేజరు "త్వరగా కానివ్వండి బాబూ" అని అరుస్తున్నాడు. చాల్లే అనుకుని పూసేశాను. గంట ఎండలో అది కారిపోక ఏమవుతుంది? వేలికి తెలిసింది. నేను వినలేదు.

ఆయన వేళ్ళు పోయాయి. నా వేలు నిక్షేపంగా ఉంది, దాంతోనే రాస్తున్నాను.

మే 19

చెబుదామని పోయాను. నిద్రపోతున్నాడు. హమ్మయ్య అనిపించింది. థూ.

మే 22

ఉస్తాద్ కూతురు షాహెదా ఒక కవరు తెచ్చి ఇచ్చింది. బడిలో టీచరు, ఏదీ సాగదీయదు.

"అన్నా, అబ్బా ఇది నీకియ్యమన్నడు. మార్చిలనే దరఖాస్తు పెట్టిండు. నీ పేరు రెండోది. మంజూరై వచ్చినంకనే చెప్తడంట, అప్పటిదాంక నువ్వు అలిగితే అలగనియ్ అన్నడు."

దరఖాస్తు నకలు. స్పష్టంగా నా పేరు, మా నాయన పేరు, కిషన్‌బాగ్ ఇంటి నంబరు. తేదీ చూశాను. హోలీకి రెండు రోజుల ముందుది.

కాగితం పట్టుకుని ఆసుపత్రి మెట్ల మీదే కూర్చుండిపోయాను. ఏడుపు వచ్చింది. ఆయన మీద కోపం కూడా వచ్చింది. ఒక్క మాట ముందు చెబితే ఏం పోయేది ముసలాయనా! చెప్పి ఉంటే హోలీకి వచ్చేవాణ్ణి. డబ్బా ఖాళీ అయ్యేది... తప్పు ఆయన మీదికి తోసేయడం నాకు ఎంత తేలికో!

మే 26

మేనేజరు టైపు కాగితం తెచ్చాడు. "నా చెయ్యి వణకడం వల్ల, నా అజాగ్రత్త వల్లనే ప్రమాదం జరిగింది." ఉస్తాద్ పైకి చదివించుకుని, కుడి చేత్తో సంతకం పెట్టేశాడు. ఈ సంతకంతో ఇక ఆయన్ని ఏ ఆయుధమూ ముట్టుకోనివ్వరు.

కింద సాక్షి సంతకం నాది. మేనేజరు పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తు పెట్టి ఇచ్చాడు. "నాలుగో తారీఖు లోపు స్టేషన్లో ఇవ్వాలి. మీరూ పక్కనే ఉన్నారుగా, చూశారుగా."

చూశాను. అందరికంటే దగ్గర్నుంచి చూశాను.

నిజం చెబితే లైసెన్సులో నా పేరు పోతుంది, కొట్టు మూతపడుతుంది. ఇలా చెప్పుకుని రెండు రోజులు బాగానే గడుపుతాను.

మే 29

ఉస్తాద్ కొట్టుకు వచ్చాడు. ఆసుపత్రి నుంచి తిన్నగా. చేతికి తెల్లటి కట్టు. ఆటో దిగి నా వెనక నిలబడ్డాడు. తాళంచెవి పెట్టాను. తిరగదు. మళ్ళీ పెట్టాను. తుప్పు కరకరలాడింది. చెమటలు పట్టాయి.

చివరికి ఊడింది. ఆయన ముందుకు వచ్చి మంచి చేతి బొటనవేలితో తాళం కడ్డీని తడిమాడు. వేలు చూసుకున్నాడు. పొడి తుప్పు. గ్రీజు జాడ లేదు.

"హోలీకి..." అన్నాడు.

అక్కడే ఆగిపోయాడు. నా మొహం చూశాడు. ఆయనకు తెలిసిపోయింది. తెలిసిందని నాకూ తెలిసింది. కాళ్ళు పట్టుకోవాల్సింది. నిలబడ్డాను, అంతే.

"చాయ్ జెప్పు," అన్నాడు. లోపలికి పోయి తన కుర్చీలో కాదు, నా ముక్కాలిపీట మీద కూర్చున్నాడు.

చాయ్ తాగాక వెళ్ళబోతూ, గడపలో, "ఇగ మొదలు ఆరు నువ్వే పేల్చాలె బేటా."

తిట్టి ఉంటే బాగుండేది.

మే 31

సుజాతకు చెప్పాను. అంతా. "ఆయనే ఒప్పుకున్నంక నువ్వెందుకు లొల్లి చేసుడు?" అంది. మళ్ళీ తనే, "నాకు అన్నం సయిస్తలేదు," అని పళ్ళెం పక్కకు పెట్టేసింది.

జూన్ 2

పొద్దున్నే చలికాలపు డబ్బా తీసుకుని షట్టరు దగ్గర నిలబడ్డాను. తాళానికి పూసేస్తే అయిపోతుంది. డబ్బా ఖాళీ. హోలీ నాడు పూశానో ఇవాళ పూశానో ఎవడు చూడొచ్చాడు! చూడాల్సినాయన చూసేశాడు, ఆయన చెప్పడు.

వేలికి గ్రీజు తీసుకున్నాను. మెత్తగా, జారుగా.

తాళానికి పూయలేకపోయాను. గుడ్డకు తుడిచేసుకుని మూత పెట్టేశాను.

జూన్ 3

తాళం పట్టేసింది. పావుగంట పట్టింది తెరవడానికి. డబ్బా జేబులో ఉంది, ఖాళీ చెయ్యలేదు. కాగితం కూడా. సాక్షి సంతకం చోట, ఇంటూ గుర్తు దగ్గర ఇంకా ఖాళీయే.

స్టేషనుకు రేపు పదకొండింటికి రమ్మన్నారు. ఉస్తాద్ కూడా వస్తానన్నాడు.