లాలీ నాలుగో కాలు

మంగళవారం, రాత్రి

ఈ రోజు లాలీ నాలుగో కాలు నేల మీద పెట్టింది!

రేకు తగిలి వెనక కాలి మడమ పైన కండను ఎముకకు కట్టి ఉంచే టెండన్ తెగితే, ఆ చిన్న కుక్కకు నేనే కుట్టాను. దాన్ని పెంచుకునే చిన్నమ్మ ఆటోలో క్లినిక్‌కు తీసుకురాగానే కట్టు విప్పాను. అంత సన్నటి కాలిలో కుట్టు నిలిచిందో లేదోనని ఒకటే దడ. అదేమో కాలు ముడుచుకుని మూడు కాళ్ల మీదే నిలబడింది. బిస్కెట్టు చూపించినా కదల్లేదు.

అంతలో చిన్నమ్మ భర్త రాజయ్య కాక షిఫ్టు దిగి వచ్చాడు. గేటు నుంచి బండి తోసుకుంటూ!

"పెట్రోల్ అయిపోయిందా కాకా?"

"లేదు డాక్టరమ్మా. నా బండి సప్పుడింటే ఇది దుంకుతది. దుంకనియ్యొద్దంటివి గద. ఆపరేషన్ అయినకాడి నుంచి గల్లీ మూలకే బంద్ చేసి నెట్టుకొస్తున్న. గదే అలవాటైంది."

ముందు నవ్వొచ్చింది, వెంటనే ఆశ పుట్టింది. లాలీ గొలుసు గట్టిగా పట్టుకుని, "ఒక్కసారి స్టార్ట్ చెయ్యి కాకా" అన్నాను.

బండి చప్పుడుకు లాలీ చెవులు లేచాయి. ముడిచిన కాలు నేలకు ఆనించి గుమ్మం దాకా నడిచింది. మడమ కుంగలేదు, కుట్టు నిలిచింది! కాక ఇంజన్ ఆపడం కూడా మర్చిపోయి నవ్వుతున్నాడు.

"ఇంకో నెల దాకా దుంకనియ్యొద్దు కాకా."

"అయితే ఇంకో నెల నెట్టుకుంటనే వస్త, ఏమాయె!"

రేపు అది పరుగందుకుంటే కుట్టు ఆగుతుందా... ఏమో.

ఇంటికొచ్చేటప్పుడు మాత్రం ఎవరూ అడ్డు లేకపోయినా దారంతా స్కూటీ హారన్ కొడుతూనే వచ్చాను.